అమ్మ తాగిన కాఫీ

తెనాలిలో మా ఇంట్లో తెల్లవారిందని నాకు చెప్పేది కోడికూత కాదు, ఇత్తడి ఫిల్టరులో డికాషను చుక్కచుక్కగా దిగే చప్పుడు. కళ్ళు ఇంకా విడేవి కావు. కుంపటి పొగ, పొంగబోయే పాల వాసన మంచం దాకా వచ్చేవి. నాన్న, అన్నయ్యలు తాగి వెళ్ళాక అమ్మ పిలిచేది. ఆ మగతలోనే నడిచి వెళ్ళి వంటింటి గుమ్మంలో అమ్మకు ఆనుకుని కూర్చునేదాన్ని. ఇద్దరం చెరో చిన్న గ్లాసు తాగేవాళ్ళం. తేలిగ్గా, తియ్యగా, ఎక్కడో దూరంగా కాఫీ వాసనతో ఉండేది. అంతకంటే మంచి కాఫీ ఉందంటే ఇప్పటికీ ఒప్పుకోను.

పంతొమ్మిదివందల అరవైల్లో పెళ్ళయి రేపల్లె వచ్చాను. కొత్త కాపురంలో నాకు కావలసింది ఆ కాఫీ ఒక్కటే. అదేమో రాదు. నేనసలే మొండిదాన్ని. ముందు ఫిల్టరు మీద అనుమానం వచ్చింది. అత్తగారిచ్చిన స్టీలుది పక్కనపెట్టి, తెనాలి నుంచి అమ్మ దగ్గరున్నదానిలాంటి ఇత్తడిదే తెప్పించి, లోపల కళాయి పూత పెట్టించాను. మార్పు లేదు. తర్వాత పొడి మీద పడ్డాను. మావారు పనిమీద బాపట్ల వెళ్తుంటే గింజలూ, బల్లకు బిగించి చేత్తో తిప్పే మరా తెమ్మన్నాను. ఇనప మూకుట్లో గింజలు వేయించడం నేర్చుకున్నాను. చిటపటలు ఆగాక కాసేపుంచితే మాడు వాసన, ముందే దించితే పచ్చి వాసన. మా బావి నీళ్ళు ఉప్పన కాబట్టి కాఫీకి మాత్రం మంచినీళ్ళ చెరువు నుంచి బిందె తెప్పించేదాన్ని. చికోరీ వేసి చూశాను, మానేసి చూశాను.

"కాఫీ కాస్తున్నావా, కషాయం కాస్తున్నావా?" అనేవారు మావారు.

"మీకు కాఫీకీ కుడితికీ తేడా తెలిస్తేగా" అనేదాన్ని.

నిజానికి వచ్చినవాళ్ళంతా నా కాఫీని మెచ్చుకునేవాళ్ళు. చిక్కగా, ఘుమఘుమలాడుతూ ఉండేది. కానీ అది అమ్మ కాఫీ కాదు.

మూడేళ్ళకి అమ్మ కంటికి ఆపరేషనయింది. పొయ్యి దగ్గరికి వెళ్ళకూడదని డాక్టరు చెప్పడంతో పది రోజులు మా ఇంటికి తెచ్చుకున్నాను. జీవితమంతా అందరికీ కలిపిచ్చిన మనిషికి, కూర్చోబెట్టి చేతికి కాఫీ అందించిన వాళ్ళు లేరు. నేనివ్వాలి. తాగి, అచ్చం నా కాఫీలా ఉందే అని ఆవిడ అనాలి. ఆ ఒక్క మాట కోసం, పరీక్షకెళ్ళే పిల్లలా, ముందు రాత్రే గింజలు ఏరి పెట్టుకున్నాను.

మొదటిరోజు పొద్దున అప్పటికప్పుడు గింజలు వేయించి, మరలో పొడి చేసి, పక్కింటి గేదె పాలతో కలిపి ఇచ్చాను. అమ్మ ఒక గుక్క తాగి మొహం ముడుచుకుంది.

"ఏంటే ఇది, నోరంతా చేదు. నా కాఫీలా లేదమ్మా."

పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను. మూడేళ్ళ పాట్లు బూడిదలో పోసిన పన్నీరయ్యాయనిపించింది.

మర్నాటికీ నా అలక తీరలేదు. దిగిన డికాషనంతా మావారికీ నాకూ కలిపేశాను. ఫిల్టరులో మిగిలిన పిప్పి మీదే మళ్ళీ వేడినీళ్ళు పోసి, అందులో పాలూ పంచదారా వేసి అమ్మకిచ్చాను. తాగితే తాగుతుంది, లేకపోతే లేదు.

అమ్మ గ్లాసు ఖాళీ చేసి పెదవులు తుడుచుకుంది. "ఇదీ కాఫీ అంటే. ఇన్నాళ్ళకి నా చెయ్యి వచ్చింది నీకు."

గిన్నెలో మిగిలిన చుక్క నోట్లో వేసుకున్నాను. తెనాలి గుమ్మం, పొగ, అమ్మ చీర మెత్తదనం, అన్నీ అందులో ఉన్నాయి. నేను మూడేళ్ళు వెతికింది ఈ పిప్పి నీళ్ళనే.

"అమ్మా, మొదటి డికాషను నువ్వెప్పుడూ తాగలేదా?"

అమ్మ ఖాళీ గ్లాసు నా చేతికిచ్చింది. "మీ నాన్న ఓసారి వేమూరు వెళ్ళి ఆ పూట రాలేదే. మిగిలితే తాగాను. బాగానే ఉందనుకుంటా. గుర్తు లేదు."

నాన్న మీద ఒళ్ళు మండిపోయింది. నా మీద నాకు సిగ్గేసింది. అన్నేళ్ళూ పక్కనే కూర్చుని తాగాను కదా, అడగాలని తోచలేదు.

మిగిలిన రోజులన్నీ మొదటి డికాషను అమ్మకే ఇచ్చాను. వద్దంటే వినలేదు. ముందు పాలెక్కువ పోసి, రోజుకి కాస్త తగ్గిస్తూ వచ్చాను. మొహం ముడుచుకోవడం ఐదో రోజుకి మానేసింది. వెళ్ళేరోజు రైలు టైమవుతుంటే గ్లాసు నా ముందుకి చాపి, "ఇంకో గుక్కుందా?" అంది.

కొన్ని నెలలకు తెనాలి వెళ్ళాను. వసారాలో నాన్న కాఫీ తాగుతూ నన్ను చూడగానే మొదలుపెట్టారు.

"మీ అమ్మ కాఫీ ఈ మధ్య నీళ్ళలా ఉంటోందమ్మా. పొడి మారిందో, పాలవాడే నీళ్ళు కలుపుతున్నాడో."

వంటింట్లోకి వెళ్ళాను. అమ్మ పీట మీద కూర్చుని ఉంది. చేతిలో పెద్ద గ్లాసు, నిండా చిక్కటి కాఫీ. నన్ను చూసి తడబడలేదు.

"పాలవాడితో చెప్తాలెండి" అని వసారాలోకి వినబడేలా అంది. తన గ్లాసులోంచి సగం ఇంకో గ్లాసులోకి వంచి, పక్కనున్న పీట నాకేసి జరిపింది.