ఎర్రదారం కట్టిన పందొమ్మిది కంకులు

ఇటిక్యాల దిక్కున ఉన్న మా చేను రేగడి. వానాకాలం తాగిన నీళ్లను చలికాలమంతా దాచుకుని జొన్న పండిస్తుంది. రెండో తరగతిలో బడి మానేసేనాటికే నాకు తెలిసిన ఈ సంగతి, వనపర్తి నుంచి బస్సెక్కి వచ్చిన అమ్మాయికి పదిహేడేళ్లు చదివాక తెలిసిందట. తడి పెట్టకున్నా గింజ ఎక్కువిచ్చే గోధుమ రకం తీస్తాను, పరిశోధనకు చేనులో ఓ మూల ఇవ్వమంది.

"ఎన్ని బస్తాలొస్తయ్ బిడ్డా?"

"బస్తాలు గాదవ్వా, ఇరవై మంచి కంకులు దొరికితే సాలు."

మా ఇంటి ఎలుకే అంతకన్నా ఎక్కువ మోస్తుంది. అయినా నవ్వకుండా మూల ఇచ్చాను. వరసలుగా విత్తి, ఏ సాలుకు తల్లి ఏ రకం, తండ్రి ఏ రకం అని సాలు సాలుకూ చీటీ పాతింది. సంబంధాలు కలుపుకునేటప్పుడు మావాళ్లు కూడా అంత వంశం అడగరు.

పంట పండింది. పందొమ్మిది మంచి కంకులు ఏరి, ఒక్కోదానికి ఎర్ర ఊలుదారం, సాలు నంబరు రాసిన చీటీ కట్టి, రెండు రోజుల్లో వచ్చి కోసుకుంటానని వెళ్లింది.

మా ఇంట్లో దారం కట్టిన కంకి అంటే విత్తనం. కోతకు ముందే తెంపి పొయ్యి మీద పొగకు వేలాడదీస్తాం. చేలో వదిలితే పిట్టలకు పేరంటం పిలిచినట్టే. చదువుకున్న పిల్లకు ఆ ఇంగితం ఎక్కడిది? నేనే కొడవలి పట్టి పందొమ్మిదీ కోసి, ఒక్క కట్ట కట్టాను. చీటీలను పారేయలేదు, పొదుపు తెలిసినదాన్ని. వాటితో పొయ్యి రాజేశాను.

అమ్మాయి వస్తే గర్వంగా కట్ట చూపించాను. అది అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"చీటీలేవి అవ్వా?"

"పొయ్యిల."

"మా అత్త కాగితం కనవడ్తే ఇడువదు" అంది నా కోడలు. "గందుకే నా పదో తరగతి సర్టిఫికెటు సందుకల దాసుకున్న."

ఏ కంకి ఏ సాలుదో తెలియకపోతే మూడేళ్ల పని మట్టిలో కలిసినట్టేనట. మళ్లీ మొదటి నుంచీ చేయమంటారట వాళ్ల సారు. కళ్లు తుడుచుకుంటూ చెప్పింది.

"ఏడ్వకు. కంకి నేను కోసిన, కాడ ఏడికి పోయింది? సాల్లనే నిలవడ్డది గద!"

పొద్దంతా ఎండలో ఇద్దరం సాళ్ల వెంట వంగి తిరిగాం. తెగిన కంకిని తెగిన కాడకు ఆనించి, కోత వాలు కలుస్తుందా, మీసాల రంగు పక్క పిలకలతో పోలుతుందా అని చూశాం. పదిహేను ఇల్లు చేరాయి. నాలుగు కలవలేదు. నా నడుం మాత్రం నిలువునా విరిగింది.

"గివి గీ సాలువే అని రాస్కో. ఎవరు సూడొచ్చిండ్రు?" అన్నాను.

"నేను సూసిన గదవ్వా."

నా నోరు మూయించినవాళ్లు ఈ మండలంలో తక్కువ.

పదిహేనూ చాలన్నారట వాళ్ల సారు. మిగిలిన నాలుగూ పారేయబోతే లాక్కున్నాను. ఈ యేడు వాటి గింజలు పెరటి గోడ వెంట చల్లాను. చుక్క నీరు పోయలేదు. సిగ్గులేకుండా ఏపుగా పెరిగాయి.

మొన్న అమ్మాయి వచ్చి వాటిని ఒక్కొక్కటే వంచి చూసింది. అన్నిటికన్నా పొడుగు కంకికి ఎర్రదారం కట్టి, చీటీ నా చేతిలో పెట్టింది.

"ఏ సాలుదో నువ్వే రాయవ్వా."

పెన్సిలు పట్టి ఎన్నేళ్లయిందో. గోడకు ఆనించి, రెండో తరగతి చదువంతా కూడదీసుకుని, వంకర అక్షరాల్లో ఒక్క మాట రాసి కట్టాను: తెల్వదు.