చింపాంజీకి నేను కుట్టిన తోక

1954లో పత్తర్‌గట్టి వెనక సందులో, ఒక చిన్న స్టఫింగ్ దుకాణంలో కుట్టుపని చేసేదాన్ని. చచ్చిన జంతువు తోలులో గడ్డీ పత్తీ కూరి, బతికున్నట్టు నిలబెట్టడమే ఆ పని. అలా నిలబెట్టినదాన్ని మౌంట్ అంటారు. దుకాణం కరీం చాచాది. బడి ముఖం చూడని నాకు, ఉప్పుగూడలోని మా ఇంట్లో రామాయణం చదివిస్తూ అక్షరాలు నేర్పింది నాన్న. వంకర సూది పట్టడం నేర్పింది చాచా. ఇప్పటికీ దీపం పెట్టేటప్పుడు ఆ ఇద్దరినీ తలుచుకుంటాను.

ఆ వానాకాలంలో ఒక ఆడపిల్లల బడివాళ్ళు, ఏదో నవాబుగారి దేవిడీలో, అంటే పాత మహల్లో, అమ్మకానికి వచ్చిన రెండు పాత మౌంట్లు కొని, బాగుచేయమని మాకు పంపారు. ఒకటి పెద్ద డేగ, రెండోది చింపాంజీ. ఇవి కుదిరితే దేవిడీలోని మిగతా జంతువుల పని కూడా మీకే అన్నారు. చాచా కళ్ళకు అప్పటికే పొర కమ్ముతోంది.

"గీ పని దొరికితే దుకాణం ఇంకొన్నాళ్ళు నడుస్తది బేటీ" అన్నాడు.

డేగకు గాజుకళ్ళు ఆయనే పెట్టాడు. చింపాంజీ తోలు నా వంతు. రెండూ నా ఎదుట పక్కపక్కనే ఉండేవి. డేగ గోళ్ళు నా సూది కంటే వాడి. చింపాంజీ పిడికిలి తెరిస్తే అరచేతిలో అచ్చం మన గీతలే. గరుత్మంతుడూ హనుమంతుడూ నా ముందుకు వచ్చినట్టనిపించి, ఇద్దరికీ దండం పెట్టి పని మొదలుపెట్టాను.

చింపాంజీ నడుము కింద, పురుగు తిన్నచోట, పాత కుట్టు కనబడింది. తోక లేదు. ఎలుకలు కొరికేసి ఉంటాయనీ, చాచాకు కనబడి ఉండదనీ అనుకున్నాను. అప్పటికి రెండు రోజులుగా ఆయన జ్వరంతో ఇంట్లో ఉన్నాడు. ఇల్లు పక్క సందులోనే. వెళ్ళి అడగొచ్చు. అడగలేదు. హనుమంతుడి సంగతి ఆయన కంటే నాకు బాగా తెలుసనుకున్నాను. నల్ల మేకతోలుతో మూరెడు తోక చేసి, అతుకు కనబడకుండా కుట్టాను. చాచా వచ్చేసరికి బట్ట చుట్టి రిక్షాకు సిద్ధం చేశాను.

"అంతా మంచిగైందా?" అని అడిగాడు.

"అయింది చాచా."

ఇద్దరం వాటిని బడికి తీసుకెళ్ళాం. అక్కడ సైన్సు టీచరమ్మ రెండింటినీ బల్ల మీద పెట్టి, పిల్లలను చుట్టూ నిలబెట్టింది.

"కోడి కండ్లు పక్కలకుంటయి. ఈ రెండింటివి చూడుండ్రి, ముందుకు చూస్తున్నయి. డేగ కాలితో పట్టుకుంటది, చింపాంజీ చేతితో పట్టుకుంటది."

ముందున్న పిల్ల చెయ్యెత్తింది. "టీచర్, చింపాంజీకి తోకనే ఉండదని నిన్న చెప్పిన్రు గదా?"

పిల్లలు కిసకిస నవ్వారు. టీచరమ్మ చింపాంజీని వెనక్కి తిప్పి చూసి, "ఇదేంది చాచా, మీకు చింపాంజీ అంటే ఏందో తెల్వదా?" అంది.

చాచా దగ్గరికి వచ్చి తోకను వేళ్ళతో తడిమాడు. వేళ్ళు అతుకు దగ్గర ఆగాయి. ఆ కుట్టు ఎవరిదో ఆయనకు తెలియకుండా ఎలా ఉంటుంది? నా వైపు తిరగలేదు.

"నా కండ్లు పోయినయమ్మా. గల్తీ నాదే."

నేను పక్కనే ఉన్నాను. కత్తెర కోసం సంచి వెతికాను.

తోక ఊడదీసి తిరిగి వస్తుంటే రిక్షాలో అడిగాను. "నేను చేసిన్నని ఎందుకు చెప్పలే చాచా?"

"నువ్వెందుకు చెప్పలే?" అన్నాడు.

మర్నాడు ఒక్కదాన్నే వెళ్ళి టీచరమ్మకు చెప్పాను. ఆమె కోప్పడలేదు. "నిన్ననే చెప్పుంటే అయిపోతుండె. మిగతా పని వేరేవాళ్ళకు ఇచ్చేసిన్రు" అంది. ఆ చలికాలమంతా మా దుకాణానికి పెద్ద పని రాలేదు. చాచా నన్ను మానిపించలేదు. దేవుడు నాకు ఇలాంటి గురువును ఇచ్చాడు, నేను ఆయన పేరు పోగొట్టాను.

ఆ తర్వాత ఏ తోలు చేతికొచ్చినా, తెలిసిందే అయినా, అడగకుండా సూది ఎత్తలేదు. కానీ అడగకపోవడం చిన్న తప్పు. ఆయన నింద మోస్తుంటే నిలబడి చూడటం పెద్దది. దానికి కుట్టు దొరకలేదు.

ఆ తోకను చాచా పారేయలేదు. చిన్న కర్రకు కట్టి, పక్షుల మీద దుమ్ము దులిపేవాడు.

"బేటీ, జర ఆ తోక అందియ్యి" అనేవాడు.

లేచి అందించేదాన్ని, తల వంచుకునే.