మున్షీ సాబ్‌కు నువ్వెవరో తెల్వదు

మా బాబు మియాకు ఒక్కటే పట్టింపు. మనిషిని పరిచయం చెయ్యకుండా కంప్యూటర్‌ను ఒక్క ప్రశ్న కూడా అడగరాదు. లోకమంతా ఏఐ దగ్గరికి పోయి "లీవ్ లెటర్ రాయి" అంటే అర నిమిషంలో రాసిచ్చేస్తుంది. బాబు మియా దగ్గర అదే లీవ్ లెటర్‌కు ముప్పావు గంట పడుతుంది. అందులో నలభై నాలుగు నిమిషాలు మీరెవరో, ఎవరి పిల్లలో, మీ ఇంట్లో ఎవరికి మోకాళ్ల నొప్పులున్నాయో దానికి విన్నవించడానికే సరిపోతాయి.

గద్వాలలో మా యూనివర్సిటీ పీజీ సెంటర్‌లో నేను ఎకనామిక్స్ చెప్తాను. నా పేరు శేఖర్. బాబు మియా అక్కడ కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటారు. అరవైకి దగ్గర పడ్డ మనిషి. తెల్ల టోపీ, మెడలో తాడుకు వేలాడే కళ్లద్దాలు. పది వేళ్లలో టైపింగ్ వచ్చిన వేలు కుడిచేతి చూపుడు వేలొక్కటే. ఏ అక్షరం కొడుతున్నా ఆ మాట పైకి అనుకుంటూ కొడతారు కాబట్టి, ల్యాబ్ బయట వరండాలో నిలబడ్డవాళ్లకు కూడా లోపలి అర్జీ మొత్తం తెలిసిపోతుంది.

రెండేళ్ల కింద పిల్లల కోసం ఈ ఏఐ చాట్ తెప్పించి, దాని బాధ్యత ఆయనకు అప్పగించారు. మొదటి రోజే ఆయన దానికి సలాం కొట్టి, మున్షీ సాబ్ అని పేరు పెట్టారు. వెనకట తహసీలు కచేరీ ముందు కూర్చుని జనానికి అర్జీలు రాసిపెట్టినవాళ్లు మున్షీలు. ఇదీ అదే పని చేస్తోంది కాబట్టి ఇదీ మున్షీయే అని ఆయన లెక్క. పిల్లలు ఫోన్లలో అడుక్కోవచ్చు కదా అంటారేమో. అడుక్కుంటారు. కానీ ప్రింటర్ ల్యాబ్‌లో ఉంది, ప్రింటర్‌కు పోయే దారి బాబు మియా మీదుగా ఉంది.

నాగర్‌కర్నూల్ నుంచి వచ్చే నరేందర్‌కు ఒకసారి బోనఫైడ్ సర్టిఫికెట్ కోసం మూడు ముక్కల దరఖాస్తు కావలసి వచ్చింది. మీ నాయిన ఏం చేస్తడని అడిగారు బాబు మియా. నాలుగెకరాలు కౌలుకు చేస్తాడు. ఏమేసిండ్రు? పల్లి. బర్లున్నయా? రెండున్నాయి, ఒకటి సూడిది. ఎన్నో నెల? నరేందర్ ఇంటికి ఫోన్ చేసి కనుక్కునేదాకా పని ముందుకు కదల్లేదు. చివరికి వచ్చిన కాగితంలో పై సగం బోనఫైడ్ దరఖాస్తు, కింది సగం సూడి బర్రెకు ఏడో నెల నుంచి ఏం మేత పెట్టాలన్న సలహా. మా ప్రిన్సిపాల్ చదవకుండా సంతకం పెట్టారు. ఆ బర్రె ఇప్పటికీ మా ఆఫీసు ఫైల్లో భద్రంగా ఉంది.

ఆ ప్రిన్సిపాల్ బాలస్వామి గారు కూడా ఒకరోజు దొరికిపోయారు. సెమినార్ పేపర్‌కు పది వాక్యాల సారాంశం కావాలని ల్యాబ్‌కు వచ్చారు.

"సార్, మీది ఏ ఊరు?" అన్నారు బాబు మియా, వేలు పైకెత్తి.

"ఇరవై ఏండ్ల సంది జూస్తున్నవు, నాది ఖిల్లా ఘణపూర్ అని నీకు తెల్వదా మియా?"

"నాకు ఎరుకే సార్. మున్షీ సాబ్‌కు మీరెవరో తెల్వదు."

ప్రిన్సిపాల్ గారు విసుక్కుంటూ మొదలుపెట్టి, ఊరి దగ్గర బయల్దేరి, ఇల్లు దాటి, కూలర్ ఎటు తిప్పాలన్న గొడవ మీద మేడమ్ పుట్టింటికి పోయి పదిహేను రోజులైందన్న దాకా వచ్చారు. సారాంశంతో పాటు, ఇంట్లో మాటామాటా వచ్చినప్పుడు పెద్దవాళ్లు ముందుగా ఒక అడుగు వెయ్యడం మంచిదని రెండు వాక్యాలు ప్రింటయ్యాయి. సెమినార్ వాళ్లు ఆ పేపర్ తీసుకోలేదు. మేడమ్ మాత్రం ఆదివారం తిరిగొచ్చారు.

ఈ తతంగమంతా ఎందుకని నేనొకసారి వాదించి చూశాను. దరఖాస్తుకు, మోకాళ్ల నొప్పులకు ఏం సంబంధమన్నాను. ఆయన నన్ను జాలిగా చూశారు.

"దవాఖానల డాక్టర్ గూడ ఏమైంది, ఎన్నొద్దులాయె అని అడగకుంట గోలి రాయడు సార్. గీనికి కండ్లు గూడ లేకపాయె. మనమే గద చెప్పాలె."

పెద్దాయన చాదస్తం అనుకుని నవ్వుకుంటూ వచ్చేశాను. చాదస్తం ఎవరిదో తర్వాత తేలింది.

ఇక్కడ నా ఘనకార్యం ఒకటి చెప్పుకోవాలి. ఎంఏ రెండో ఏడాదిలో సుహాసిని అనే అమ్మాయి ఉంది. ఇటిక్యాల దగ్గర పల్లె. వెనక బెంచీలో కూర్చుంటుంది, నోరు విప్పదు. మా వైపు చేలల్లో విత్తనాల కంపెనీల కోసం సీడ్ పత్తి పండిస్తారు కదా, అందులో ఆడకూలీల పని మీద ఆమె నలభై పేజీల ప్రాజెక్టు రాసింది. దిద్దుతూ పోతుంటే ఇరవయ్యో పేజీలో ఒక వాక్యం నన్ను ఆపేసింది. "వానొస్తే పువ్వుకు సెలవు, కూలోళ్లకు పస్తు."

ఈ ఏఐ వచ్చినప్పటి నుంచి నాకొక రోగం పట్టుకుంది. వాక్యం బాగుంటే అనుమానం, బాగాలేకపోతే నమ్మకం. మర్నాడు క్లాసులో ముప్పై మంది ముందు ఆ కట్ట పైకెత్తి, ఇది నువ్వు రాసింది కాదమ్మా, మున్షీ సాబ్ రాసిండు, సొంతంగా రాసుకొని రా అన్నాను. క్లాసు గొల్లుమంది. సుహాసిని ఏమీ అనలేదు. తప్పు చేసింది కాబట్టే అనలేదని నేను తీర్మానించుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత నేను ల్యాబ్‌కు పోయాను. ఎందుకో కూడా చెప్పేస్తాను. ఇంటర్నల్ పరీక్షకు ప్రశ్నపత్రం మున్షీ సాబ్‌తో తయారు చేయించుకుందామని. బాబు మియా నన్ను చూసి, ప్రింటర్ పక్కన బీరువా వెనక కుర్చీ చూపించారు. ఒక బిడ్డ వస్తనన్నది, ఆమెది అయినంక మీది చూద్దాం, జర గీడ కూసోండ్రి అన్నారు. కూర్చున్నాను.

వచ్చింది సుహాసిని. బీరువా అడ్డంగా ఉండి నన్ను చూడలేదు.

"చాచా, టీసీ కోసం అర్జీ కావాలె. చదువు బంద్ చేస్తున్న."

నేను కుర్చీ అంచుకు జరిగాను. బాబు మియాలో మాత్రం చలనం లేదు. కళ్లద్దాలు పెట్టుకున్న చప్పుడు వినిపించింది.

"రాద్దాం బేటా. ముంగల మున్షీ సాబ్‌కు నువ్వెవరో తెల్వాలె గద. అమ్మ పేరేంది?"

భీమమ్మ. ఏం చేస్తుంది? సీడ్ పత్తి చేలో కూలికి పోతుంది. నువ్వు గూడ పోతవా? ఏడో తరగతి నుంచి సెలవులన్నీ అక్కడే. చేలో ఏం పని? మున్షీ సాబ్ పత్తిచేను చూసినోడు కాదు, సమజయ్యేటట్టు చెప్పమన్నారు. మొదట్లో ఆ పిల్ల ఒక్కో మాటే పలికింది. రానురాను మాట సాగింది. సాయంత్రం పూట మొగ్గ మీది పొర బొటనవేలి గోరుతో గిల్లి తీయాలట. అందుకే సీజనంతా ఆ ఒక్క గోరు పెంచుకుంటారట. మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి, గిల్లిన ప్రతి పువ్వుకూ చేత్తో పుప్పొడి రుద్దాలట. వాన పడితే పుప్పొడి తడిసి అంటుకోదట, ఆ పూట పని లేదని పంపించేస్తారట.

"మరి ఆ దినం ఏం చేస్తరు బేటా?"

"ఏం చేస్తం చాచా. వానొస్తే పువ్వుకు సెలవు, మనకు పస్తు అంటది మా అమ్మ."

బాబు మియా వేలు ఆ మాటను టకటకా కొట్టింది. కొడుతూ ఆయన దాన్ని పైకి చదివారు. సరిగా పడిందో లేదో అన్నట్టు ఇంకోసారి, ఇంకా గట్టిగా చదివారు. బీరువా వెనక నా చెవులు కాలిపోయాయి.

"ఇంత తెల్సిన పిల్లవు, చదువు ఎందుకు బంద్ జేస్తున్నవని మున్షీ సాబ్ అడిగితే ఏం చెప్పాలె?"

ఆమె కుర్చీ కిర్రుమంది. తర్వాత ఆమె గొంతు సన్నగా వచ్చింది.

"మా అమ్మ చెప్పింది నేను రాస్తే, సార్ మిషన్ రాసిందన్నడు. అందరు నవ్విండ్రు. మా అమ్మ మాట మా అమ్మది కాదన్నంక, ఇంక నేనేం రాయాలె చాచా?"

నేను ఇక కూర్చోలేకపోయాను. లేచి ఇవతలికి వచ్చాను. నన్ను చూసి సుహాసిని గబుక్కున నిలబడింది. ఆమె మొహం చూసే ధైర్యం లేక కంప్యూటర్ వైపు చూశాను. అక్కడ మున్షీ సాబ్ లేడు. ఉత్త తెల్లపేజీ, దాని నిండా భీమమ్మ, పత్తి, బొటనవేలి గోరు. కింద మూలలో నెట్ లేదన్న గుర్తు.

"చాచా, నెట్ ఎప్పుడు పోయింది?" అన్నాను.

"పొద్దుగాల నుంచే లేదు సార్."

"మరి ఇంతసేపు ఎవరికి చెప్తున్నరు?"

ఆయన కళ్లద్దాలు తీసి మెడలోకి వదిలేశారు.

"ఎవలకు తెల్వదో వాళ్లకే చెప్తున్న సార్."

అప్పటికి గాని నా బుర్రకు ఎక్కలేదు. ఆ తెలియనివాణ్ణి నేనే, బీరువా వెనక కూర్చోబెట్టింది అందుకే. మీ ఇంట్లో ఎట్లున్నరని మనిషి అడిగితే పిల్లలు బాగానే ఉన్నరని తప్పించుకుంటారు. మిషన్‌కు చెప్పాలంటే చెప్పేస్తారు. ఆ వంకతో ఆయన రెండేళ్ల నుంచి ప్రతి పిల్లనూ, చివరికి ప్రిన్సిపాల్‌నూ కూర్చోబెట్టి, ఎవరూ అడగనిది అడుగుతున్నారు. నేను సుహాసిని రాసిన నలభై పేజీలు చదివి ఆమెను ఒక్క ప్రశ్న అడగలేదు. నాకు సిగ్గేసింది. ఆ ఒంటివేలి టైపింగ్ మీద ఎక్కడలేని గౌరవం పుట్టింది.

తప్పయిందమ్మా అన్నాను సుహాసినితో. ఆమె తల వంచుకుంది. బాబు మియా ఒప్పుకోలేదు.

"గీడ కాదు సార్. ముప్పై మంది ముంగల అన్న మాట ముప్పై మంది ముంగలనే వాపస్ తీస్కోవాలె."

మర్నాడు క్లాసులో తీసుకున్నాను. ఆ వాక్యం భీమమ్మది, మిగతా అంతా భీమమ్మ బిడ్డది, నేను అన్నది తప్పు, ప్రాజెక్టు ఉన్నదున్నట్టు ఒప్పుకుంటున్నాను అని చెప్పాను. సుహాసిని లేచి నిలబడింది. థాంక్స్ చెప్తుందనుకున్నాను.

"సార్, ఆఖరి పేజీల ఆఖరి పేరా మాత్రం మున్షీ సాబ్ రాసిందే. ఎట్ల ముగించాల్నో తెల్వక అడిగిన."

ఆఖరి పేజీ తిప్పాను. ఆ పేరా పక్కన ఎర్ర సిరాతో నా చేతిరాతే, "చాలా బాగుంది" అని. నలభై పేజీల్లో నేను మెచ్చుకున్న చోటు అదొక్కటే. ముందు బెంచీవాళ్లు తొంగి చూశారు, సంగతి వెనక బెంచీకి పాకింది. ఈసారి అందరికంటే ముందు నవ్వింది సుహాసిని. ఇంకేం చేస్తాను, నేనూ నవ్వాను.

ఆ పేరా కొట్టేసి ఆమె అక్కడే నాలుగు వరుసల్లో తన ముగింపు రాసిచ్చింది. టీసీ మాట మళ్లీ ఎత్తలేదు. ఇదంతా నేను ల్యాబ్‌కు పోయి చెప్తే బాబు మియా నవ్వలేదు. నేను మెచ్చుకున్న పేరా ఎన్ని వరుసలుందో అడిగారు, ఏడు అన్నాను. ఆయన కంప్యూటర్ వైపు తిరిగి, చూపుడు వేలు సిద్ధం చేసుకున్నారు.

"ఇప్పుడే మున్షీ సాబ్‌కు చెప్త సార్. గింత పెద్ద సార్ మెచ్చుకున్నడంటే ఖుషీ అయితడు."