అందరికీ కార్లున్న కాగితం

ఇంగ్లండులో, కోవెంట్రీలో నేను పీహెచ్‌డీ చేస్తున్నప్పుడు మా సార్ నెదర్లాండ్స్ ఆయన. ఆర్థికశాస్త్రం చెప్పేవారు. ప్రభుత్వం అడ్డు రాకుంటే చాలు, మనిషి తన బాగు తానే చూసుకుంటాడన్నది ఆయన నమ్మకం. క్లాసులో ఎవరైనా కాదంటే సంబరపడిపోయేవారు. నేను మాత్రం ఏనాడూ కాదనలేదు. సార్ అంటే సారే. హైదరాబాదు బడుల్లో చేతులు కట్టుకుని పెరిగినదాన్ని, నోరు అంత సులువుగా తెరుచుకుంటుందా?

తర్వాత ఆయన తన దేశం వెళ్లిపోయి రాజకీయాల్లో చేరారు, మంత్రి కూడా అయ్యారు. ఒకరోజు నాకో ముసాయిదా పంపారు. చిన్న ఊళ్ల ఆసుపత్రులు మూసేసి, నగరంలో ఒకే పెద్ద ఆసుపత్రి పెట్టాలన్నది పథకం. తప్పులుంటే చెప్పమని రాశారు.

రెండు పేజీలు చదవగానే తప్పు దొరికింది. ఆ కాగితంలో అందరికీ కార్లున్నాయి. నేనప్పుడు ఏడో నెల కడుపుతో రెండు బస్సులు మారి స్కానింగుకి వెళ్తున్నాను. నాకు తెలియక ఇంకెవరికి తెలుస్తుంది?

మా ఆయనకు చూపించాను.

"అంత పెద్ద సార్‌కు నువ్వు తప్పులు వడ్తవా? మంచిగుందని రాసెయ్యరాదా?" అన్నాడు.

అలాగే రాసేశాను. సిగ్గులేనిదాన్ని, పైగా కింద నమస్కారాలు కూడా పెట్టాను.

ఆసుపత్రులు మూతపడ్డాయి. పేపర్లో ఒక ఫొటో వచ్చింది. తాళం వేసిన ఆసుపత్రి ముందు, బెంచీ మీద, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ముసలావిడ. ఆవిడ నన్నింక వదల్లేదు. మా పేట డాక్టరు క్లినిక్‌లో నా పేరు పిలిచేదాకా కూర్చున్నప్పుడల్లా పక్క కుర్చీలో ఉంటుంది. అటు తిరిగి చూడాలంటే భయం. చూస్తే ఎవరూ ఉండరని తెలుసు, అయినా చూడను.

ఈమధ్య సార్ మళ్లీ ఇంగ్లండు వచ్చి, స్టీవెనేజ్‌లో కూతురి దగ్గర ఉంటున్నారని తెలిసి వెళ్లాను. ఇప్పుడైనా చెప్పకపోతే చచ్చేదాకా మొయ్యాలి. బాగా చిక్కిపోయారు. ఆయన ఇచ్చిన టీ చల్లారిపోయాక నాకు నోరు పెగిలింది.

"సార్, అందరికీ కార్లుండవని నాకప్పుడే తెలుసు. మీకు చెప్పలేదు. నన్ను క్షమించండి."

ఆయన కిటికీలోంచి బస్టాపు వైపు చూశారు.

"నాకూ తెలుసు," అన్నారు. "నా శిష్యుల్లో కాదనేవాళ్లు చాలామందే ఉండేవారు. వాళ్లెవరికీ పంపలేదు. నీకు పంపాను."