నేరేడు మీద సుద్దగీత

పోయిన నెల ఒక మంగళవారం తెల్లవారుతుండగా మా పక్కింటి మామ కన్నుమూశారు. కబురు వినగానే నాకు మొదట గుర్తొచ్చింది ఆయన కాదు, వాళ్ల పెరట్లోని నేరేడు చెట్టు. అందుకు సిగ్గుపడ్డాను. కానీ ఎనిమిదేళ్లుగా ఆ చెట్టు నా ప్రాణం తీస్తోంది మరి.

నాచారంలో మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. దాని కింద నుంచి నేరేడు వేళ్లు మా నీళ్ల సంపులోకి వచ్చాయి. రెండుసార్లు సిమెంటు పూయించాం, రెండుసార్లూ పగిలింది. రోజు విడిచి రోజు వచ్చే నల్లా నీళ్లు సగం భూమిలోకే పోయేవి. చెట్టు మొదలంటా కొట్టించమని నేను, కొమ్మలు కోస్తే చాలని ఆయన.

ఆయన ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. "గీత గియ్యంది రంపం పట్టొద్దు బిడ్డ" అనేవారు. ఏటా చెట్లు కొట్టే అతన్ని పిలిపించి, టేపు పెట్టి కొలిచి, కొమ్మ చుట్టూ సుద్దముక్కతో గీత గీసేవారు. అతను రంపం తీసేలోగా కండువాతో తుడిచేసి జానెడు అవతల మళ్లీ గీసేవారు.

"జర ముంగటికి పోదాం. గీడ చిగురేస్తున్నది."

మధ్యాహ్నానికల్లా గీత కొమ్మ చివరికి చేరేది. కోసిన ఆకులు ఒక మేకకు కూడా చాలేవి కావు. నాకు ఒళ్లు మండిపోయేది. ఉప్పల్‌లో రోడ్డు పక్క చెట్లన్నీ కొట్టేసి మెట్రో స్తంభాలు లేపిన ఏడాదైతే, "ఈసారి చెట్టు మాట ఎత్తకు బిడ్డ" అని టేపే బయటికి తియ్యలేదు.

పైగా పండ్ల కాలంలో గోడ మీది నుంచి గిన్నెడు నేరేళ్లు అందించేవారు. "తిను. మీ సంపు నీళ్లు తాగిన పండ్లు, మస్తు తియ్యగున్నయి." నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. పండ్లు మాత్రం తినేదాన్ని. మా మోటారు మొరాయించినప్పుడల్లా పిలవకుండానే వచ్చి బాగుచేసిందీ ఆయనే.

దినాలు అయిపోయాక పక్కింటి అత్త నన్ను వాళ్ల పెరట్లోకి పిలిచింది. చెట్లు కొట్టే అతను రంపంతో నిలబడి ఉన్నాడు. నేలకు జానెడు ఎత్తున మాను చుట్టూ సుద్దగీత. ఎక్కడా వంకర లేదు.

"ఆయన పోయేదానికి వారం ముందుగాల గీసిండు," అంది అత్త. "ఆ బిడ్డ ఇంట్ల నీళ్లు నిలుస్తలేవు, నా కండ్ల ముంగటైతే నాతోని గాదు, నేను పోయినంక కొట్టియ్యి అన్నడు. ఇగ నీ ఇష్టం."

ఎనిమిదేళ్లు అడిగినా ఇవ్వనిది ఇప్పుడు నా చేతిలో పెట్టి వెళ్లిపోయారు. కోపమొచ్చింది, ఏడుపొచ్చింది. కొంగు తడిపి ఆ గీత తుడిచేశాను. స్టూలెక్కి, మా గోడ మీదికి వచ్చిన పెద్ద కొమ్మ చుట్టూ నేనే ఒక గీత గీశాను.

"వంకరవోయింది మేడమ్," అన్నాడు అతను.

"కానియ్యి," అన్నాను. సంపుకు మళ్లీ సిమెంటు పూయించుకుంటాను.

అతను రంపం ఆనించి, అలవాటు కొద్దీ ఆగి వెనక్కి చూశాడు. కండువా రాలేదు. ఇన్నేళ్లలో మొదటిసారి కొమ్మ తొలి గీత మీదే తెగింది.