తాగనివాడి లివరు

మార్కాపురంలో నా పొట్టమీద స్కానింగు చేస్తూ, తెరమీంచి కళ్లు తిప్పకుండానే డాక్టరమ్మ అడిగింది.

"మందు అలవాటుందా?"

"లేదమ్మా."

"పెళ్లిళ్లలో, పండగల్లో?"

"చుక్క కూడా ముట్టనమ్మా. నేను మా చర్చిలో సంఘపెద్దను."

ఆమె నవ్వు ఆపుకుంటూ అంది. "సంఘపెద్దయినా సరే, లివరుకు కొవ్వు పట్టిందండీ. ఫ్యాటీ లివర్, గ్రేడు టూ."

మా నాయన తాగుడు వల్లనే పోయాడు. కళ్లు పసుపెక్కి, కడుపు కుండలా ఉబ్బి, మంచానికి అతుక్కుపోయిన మనిషిని చూస్తూ పెరిగాను. అందుకే ఆ జోలికే పోలేదు. తర్లుపాడు దగ్గర మా ఊళ్లో బడిపంతులుగా చేరినప్పటి నుంచీ, తాగుడు మానమని కనిపించిన ప్రతివాడికీ చెప్పి విసిగించాను. అట్లాంటి నాకు లివరు జబ్బేమిటి? నేను వచ్చింది కడుపుబ్బరం చూపించుకోవడానికి. రెండేళ్లుగా పొద్దున్నే గ్యాసు గోళీ మింగడం పళ్లు తోముకున్నంత అలవాటైపోయింది.

"రోజూ ఏం తింటారో చెప్పండి" అంది ఆమె.

చెప్పాను. పొద్దున పూరీ. బడిలో మూడు టీలు, బిస్కట్లు. మధ్యాహ్నం పళ్లెం నిండా తెల్లన్నం, సాయంత్రం బజ్జీలు, వాటిమీద కూల్‌డ్రింకు, రాత్రి మళ్లీ అన్నం. నడకంటారా, బండి దిగి కుర్చీ దాకా.

"లివరును చెడగొట్టేది తాగుడొక్కటే కాదండీ. తీపి, తెల్లన్నం ఎక్కువై, ఒళ్లు కదలకపోతే, ఖర్చు కానిదంతా కొవ్వై అక్కడ చేరుతుంది. పేగుల్లో మనకు మేలు చేసే సూక్ష్మజీవులుంటాయి. వాటి తిండి పీచు. మీరు కడుపు నిండా తింటూ వాటిని పస్తు పెట్టారు. బరువు తగ్గండి, ఆరు నెలలకు మళ్లీ చూద్దాం."

ఇంటికొచ్చి మా ఆవిడకు ఇదంతా చెప్పాను. ఆమె గిద్దలూరులోని వాళ్ల అక్కకు ఫోన్ చేసి ఒక్క ముక్క చెప్పింది: "లివరంట అక్కా." ఆ అక్క మా ఊళ్లో ఇంకెవరికో చెప్పింది. ఆదివారానికి ఊరంతా తెలిసిపోయింది.

ఆ రోజు చర్చిలో, డెబ్బై దాటినా ఇంకా మిరపకోతలకు పోయే పెద్దమ్మ ప్రార్థనకు లేచింది. ఊరంతా ఆమెను పెద్దమ్మ అనే పిలుస్తారు. కళ్లు మూసుకుని, చేతులెత్తి, గొంతు పెంచింది.

"దేవా, మా సారును ఆ సీసా నుంచి ఇడిపించయ్యా! వాళ్ల నాయన పోయిన దోవనే పోతన్నాడు. పాఠం చెప్పే మనిషయ్యా, పిలకాయలు చూస్తారు!"

"ఆమేన్" అన్నారందరూ. ఆడవాళ్ల వైపు మా ఆవిడ భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

ఇక ఆగలేక లేచాను. తాగలేదని, తిండి వల్లనే ఇట్లా అయిందని డాక్టరమ్మ చెప్పిందంతా విడమరచి చెప్పాను. అప్పుడు మగవాళ్ల వైపు నుంచి ట్రాక్టరు తోలే మా బావ లేచాడు. నా పోరు పడలేక మూడేళ్ల కింద తాగుడు మానినవాడు.

"అంటే తాగకపోయినా లివరు చెడతదా బావా? మరి నా చేత ఉత్తపున్నేనికి మానిపిస్తివి గదా!"

చర్చంతా గొల్లుమంది. పాస్టరయ్య బైబిలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఉత్తపున్నేనికేంది బావా, నీ తాగుడుకు నాలాంటి తిండి గూడ తోడైంటే, ఈపాటికి నీకోసం మేం ప్రార్థన చేస్తాంటిమి" అన్నాను.

మర్నాడు తెల్లవారుతుండగా పెద్దమ్మ వాకిట్లో నిలబడి ఉంది.

"తెలవక నిన్ను తాగుబోతును జేసినా నాయనా. దా, చేను దాకా నాతో నడువు."

ఆమె చేను పలకల క్వారీ దాటాక ఉంది. క్వారీ రాళ్ల దిబ్బ దగ్గరికే నాకు ఆయాసం వచ్చేసింది. ఆమె వెనక్కి తిరిగి చూసింది.

"ఏంది సారూ, నిలబడినావు?"

"నల్లమల కొండ చూస్తన్నా పెద్దమ్మా."

"రేపు గూడ ఆడనే ఉంటదిలే, నడువు."

ఇంట్లో తెల్లన్నం ఒక పూటకు దిగింది. మా ఆవిడ మొదటిసారి వండిన కొర్రన్నం గులకరాళ్లలా పలుకుపలుకుగా ఉంది. "రాత్రే నానబెట్టాల బిడ్డా" అని పెద్దమ్మ దగ్గరుండి నేర్పింది. జొన్నరొట్టె, గోంగూర, అలసంద గుగ్గిళ్లు, మజ్జిగ వరసగా పళ్లెంలోకి వచ్చాయి. అయితే ఆత్రంకొద్దీ అన్నీ ఒక్కసారే మొదలుపెట్టేసరికి మొదటి వారం నా కడుపు ఊరుకోలేదు. నాలుగో తరగతిలో లెక్కలు చెబుతుంటే లోపలి నుంచి పెద్దగా గుర్రుమంది. ముందు వరసలోని పాప లేచి, "సార్, మీ ఫోన్ మోగతాంది" అంది. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, "పీచు మెల్లగా పెంచాలండీ, పరుగు పందెం కాదు" అని నవ్వింది. మెల్లగానే పెంచాను. రెండు నెలలకు ఉబ్బరం తగ్గింది. గ్యాసు గోళీ సంగతి ఎప్పుడు మరచిపోయానో నాకే గుర్తులేదు.

మధ్యలో గిద్దలూరులో వదినగారింటి గృహప్రవేశానికి పోయి రెండు పళ్లేల బిర్యానీ తిన్నాను. అబద్ధం ఎందుకు, చాలా బాగుంది. మర్నాడు పెద్దమ్మ చేను దాటాక కూడా ఇంకో మైలు నడిచాను.

ఆరు నెలలకు మళ్లీ స్కానింగు చేయించుకున్నాను. ఏడు కిలోలు తగ్గాను. డాక్టరమ్మ ఈసారి తెరను నా వైపు తిప్పింది. నాకేమీ అర్థం కాలేదు గానీ ఆమె మొహం చూస్తే ధైర్యం వచ్చింది.

"గ్రేడు వన్‌కు వచ్చిందండీ. పూర్తిగా పోలేదు. ఇట్లాగే కొనసాగించండి."

బయట బల్లమీద ట్రాక్టరు బావ కూర్చుని ఉన్నాడు. నాకు తోడుగా వచ్చానన్నాడు గానీ, చేతిలో తన పేరుతో రాయించిన చీటీ ఉంది. స్కానింగులో ఆయనకూ కొద్దిగా కొవ్వు తేలింది.

"పొద్దున ఎన్నింటికి నడిచేది బావా?" అని మాత్రం అడిగాడు.

ఇప్పుడు మేం తొమ్మిదిమందిమి. పెద్దమ్మ అందరికంటే ముందు నడుస్తుంది. మా మాటలు ఎక్కువై కాళ్లు తక్కువ కదులుతున్నాయని తిడుతూనే ఉంటుంది.