మనవరాలికి నేను ఏరి తెచ్చిన గిటారు డబ్బా

నేను ఒక్కసారి కరీంనగర్ వెళ్లి చేసిన ఘనకార్యానికి బెల్లంపల్లిలో భూమి బద్దలైంది. గనుల్లో బొగ్గు దానంతటదే పైకి నడిచొచ్చింది. సరే, అంత జరగలేదు. ఒక పిల్ల గది తలుపు మూసుకుంది. నా మటుకు రెండూ ఒకటే. నవ్వొస్తే నవ్వండి, మొహమాటం వద్దు.

నేను గనిలో ఇంజనీర్ని. అంటే, కరెంటు మనిషిని. అంటే, లాంప్ రూమ్‌లో పనివాణ్ని. కార్మికులు తలకు పెట్టుకుని దిగే దీపాలకు చార్జింగు పెట్టి, పరీక్షించి ఇచ్చేవాణ్ని. వెలుగు ఒక్కసారి మినుకుమన్నా ఆ దీపం కిందికి పోకూడదు. ముప్ఫై ఏళ్లు అలా తప్పులు పట్టీ పట్టీ, రిటైరయ్యాక కూడా ఆ జబ్బు వదల్లేదు.

ఇక స్రవంతి. నా కూతురి కూతురు, ఇంటర్ చదివే పిల్ల. తండ్రి లారీ మీద ఊళ్లు తిరిగే మనిషి కనుక, తల్లి జ్వరంతో పోయిన నాటి నుంచి నా దగ్గరే ఉంటోంది. తల్లి పోయినప్పుడు ఏడవలేదు. తర్వాతా ఏడవలేదు. ఏడాదిపాటు "ఊఁ", "వద్దు" తప్ప మాట్లాడని పిల్ల, ఒకరోజు నా ముందుకొచ్చి నిలబడింది.

"తాతా, నాకు ఎలక్ట్రిక్ గిటార్ కావాలె. పంక్ వాయిస్త."

"గదేంది బిడ్డా? సంగీతమేనా?"

"మూడు తీర్ల వేళ్లు పెట్టుడు వస్తె చాలు. మంచిగ పాడరాకున్నా నడుస్తది. గట్టిగ ఒర్రాలె, గంతే."

నోరు తెరిచి అడగడమే పదివేలనుకున్నాను. తనకు పరీక్షలు కనుక చీటీ రాసిచ్చింది: చవక గిటారు చాలు, దాని చప్పుడు పెంచే ఆంప్ డబ్బా చిన్నదైనా సరే, డిస్టార్షన్ మాత్రం తప్పక ఉండాలి.

కరీంనగర్ దుకాణంలో నల్ల గిటారు తేలిగ్గానే కుదిరింది. దుకాణదారు దాన్ని ఒక డబ్బాకు తగిలించి, మీట తిప్పి, తీగలు లాగాడు. అబ్బా! వంద ఇళ్ల రేకులు ఒకేసారి చింపినట్టు బర్రుమంది.

"బంద్ చెయ్! స్పీకర్ చినిగింది."

"చినగలే కాకా. డిస్టార్షన్ అంటె గిదే. పంక్‌కు గిట్లనే ఉండాలె."

"ముప్పై ఏండ్లు లాంప్ రూమ్‌ల చేసిన. ఫాల్ట్ ఎట్లుంటదో నాకు చెప్తవా? ఇంకోటి పెట్టు."

ఇంకోటీ చినిగింది. మూడోదీ చినిగింది. నాలుగోది మాత్రం పాలమీగడలా పలికింది.

"గిది భజన మండళ్లోళ్లు కొంటరు కాకా. చీటీ రాసిన పిల్ల తిడ్తది."

"నా మనవరాలు నన్ను తిట్టదు. నువ్వు కట్టు."

ఇంట్లో స్రవంతి కళ్లు మూసుకుని, పళ్లు బిగించి తీగల మీద కొట్టింది. టింగుమంది. ఇంకా గట్టిగా కొట్టింది. ఇంకా తియ్యగా మోగింది. "నన్నిడిసి ఎట్ల పోయినవే!" అని పిల్ల గొంతు చించుకుంటుంటే, డబ్బా వెనక నుంచి జోకొట్టింది. పక్కింటి రాజవ్వ చెంపలు వేసుకుంటూ వచ్చింది. "ఏ దేవునిదే బిడ్డా గీ పాట? మల్లోసారి పాడు."

స్రవంతి గిటారు మంచం మీద పెట్టింది. "మంచిగుంది తాతా" అని తలుపు మూసుకుంది. తిట్టినా బాగుండేది. వారం దాకా దాన్ని ముట్టలేదు.

ఇప్పుడు అసలు సంగతి. స్పీకర్ చినగలేదని దుకాణంలోనే నాకు తెలుసు. ఆ బర్రుమనే చప్పుడు, నా కూతుర్ని మోసుకుపోయిన రోజు నా గొంతుకు అడ్డంపడింది. నలుగురిలో పెద్దమనిషినని మింగేశాను. దాన్ని కొని ఇంటికి తెచ్చే ధైర్యం లేకపోయింది. ఆడలేక మద్దెల ఓడన్నదట వెనకటికొకామె. నేను వినలేక డబ్బా ఓడన్నాను.

ఎనిమిదో రోజు ఆ డబ్బా మార్చుకోవడానికి గిటారుతో సహా ఇద్దరం కరీంనగర్ బస్సెక్కాం. దుకాణంలో స్రవంతి మొదటి డబ్బాకే తగిలించి మీట చివరిదాకా తిప్పింది. వేళ్లు పెట్టిన మూడు తీర్లలో రెండు తప్పు. పాట సగంలోనే తెగింది, చెయ్యి మాత్రం ఆగలేదు, కళ్లు ధారలు కట్టాయి. ఏడాది ఏడుపు. నేను డబ్బా పక్కనే కింద కూలబడి నా వంతు ఏడ్చాను. ఎవరికీ వినపడలేదు. ఆ యంత్రం గొప్పతనమే అది.

దుకాణదారు పరేషానయ్యాడు. "ఏమైంది కాకా? ఫాల్టా?"

"లే కొడుకా. సక్కగనే పనిచేస్తుంది."

కావున పాఠక మహాశయులారా, ఈ జన్మలో ఇక ఎవరి చప్పుడుకూ వంక పెట్టనని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఆ రోజు నుంచి నా కుడిచెవి గుయ్యిమంటూనే ఉంది. డాక్టరుకు చూపించమని అందరూ పోరుతున్నారు. చూపించను. బాగుచేస్తాడేమోనని భయం.